కొత్త కంప్యూటర్ కొనాలా? పాతదాన్ని బాగు చేసుకోవాలా?

(మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్)

సెలవులకు ఊరికి వెళ్తూ భద్రాచలంలో బస్సు దిగి హాస్టల్‌కు వచ్చిన ప్రతిసారీ తమ్ముళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఐ3 కొనాలా, ఐ5 కొనాలా?" అడిగేవాడి జేబులో డబ్బులుండవు. అయినా అడుగుతాడు. నేను కూడా అలాగే అడిగినవాణ్ణే కాబట్టి నవ్వను. "ముందు అది ఏ సంవత్సరంలో తయారైందో చెప్పు, దాన్ని ఏ పనికి వాడతావో చెప్పు" అంటాను. జవాబు దొరకలేదన్నట్టు ముఖం పెట్టి వెళ్ళిపోతారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ జవాబును కొంచెం వివరంగా రాద్దామనుకున్నాను.

ఈ ఏడాది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని కంప్యూటర్ గది కోసం 60 వేల రూపాయలు పోగు చేశారు. ఆ డబ్బుతో రెండు కొత్త కంప్యూటర్లు కొనాలని కొందరు అన్నలు అంటున్నారు. గదిలో మూలకు పడి ఉన్న ఎనిమిది పాత కంప్యూటర్లను పాత సామాన్ల వాడికి అమ్మేద్దామని కూడా అంటున్నారు. నా అభిప్రాయం వేరు. అది ఎందుకు వేరో చెప్పాలంటే ప్రాసెసర్ కథ మొదటి నుంచీ చెప్పాలి.

మూర్ గారి లెక్క

కంప్యూటర్‌కు మెదడు ప్రాసెసర్ అని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ ప్రాసెసర్ నిండా ట్రాన్సిస్టర్లనే అతి చిన్న స్విచ్‌లు ఉంటాయి. మన ఇంట్లో లైటు స్విచ్ లాగానే ప్రతి స్విచ్ వేసి గానీ, ఆర్పి గానీ ఉంటుంది. 1971లో ఇంటెల్ కంపెనీ తయారు చేసిన 4004 అనే మొదటి మైక్రోప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 1978 నాటి 8086లో అవి 29 వేలయ్యాయి. 1993లో వచ్చిన పెంటియం నాటికి 31 లక్షలు. పెంటియం తయారీలో ముఖ్య పాత్ర వహించిన వినోద్ ధామ్ మన దేశంలో చదువుకుని అమెరికా వెళ్ళిన ఇంజనీరు. 2020లో యాపిల్ కంపెనీ విడుదల చేసిన ఎం1 చిప్‌లో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి.

ఈ పెరుగుదలను ముందే ఊహించినవాడు గోర్డన్ మూర్. ఒక చిప్ మీద పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతోందని 1965లో ఒక పత్రికా వ్యాసంలో రాశాడు. 1975లో దాన్ని సవరించి, ఇక మీదట రెండేళ్ళకొకసారి రెట్టింపవుతుందన్నాడు. దీన్నే మూర్ సూత్రం అంటారు. ఇది న్యూటన్ సూత్రం లాంటి ప్రకృతి నియమం కాదు. కంపెనీలు దీన్ని గురిగా పెట్టుకుని దానికి తగ్గట్టు పరుగెత్తాయి కాబట్టే ఇంతకాలం నిజమవుతూ వచ్చింది. మూర్ 2023 మార్చిలో, 94 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ట్రాన్సిస్టర్ల సంగతి అలా ఉంచి వేగం చూద్దాం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. అంటే సెకనుకు సుమారు 48 లక్షల టిక్కులు. 2002 నవంబరులో వచ్చిన పెంటియం 4 వేగం 3.06 గిగాహెర్ట్జ్. సెకనుకు 306 కోట్ల టిక్కులు. ఇరవై ఒక్క ఏళ్ళలో సుమారు 640 రెట్లు పెరిగిందన్నమాట. మరి ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళలో? 2023లో డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో బాగా ఖరీదైనది 6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్ళింది. అది కూడా కాసేపు మాత్రమే. అంటే రెండు రెట్లు. ముందు 640 రెట్లు, తర్వాత 2 రెట్లు! తమ్ముళ్ళూ, ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్లే.

వేడి పుట్టించిన చిక్కు

ఎందుకిలా ఆగిపోయింది? వేడి వల్ల.

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వచ్చేవాళ్ళు పాల్వంచ దగ్గర కేటీపీఎస్ కూలింగ్ టవర్లను చూసే ఉంటారు. పాత టవర్లను 2024లో కూల్చేశారు గానీ, కొత్త యూనిట్లవి ఇప్పటికీ కనిపిస్తాయి. చిన్నప్పుడు నేను వాటిని చూసి కరెంటు అందులోనే తయారవుతుందనుకునేవాణ్ణి. నిజానికి అవి ఉన్నది వేడిని వదిలించుకోవడానికే. బొగ్గు మండించి కరెంటు తీసే చోట వేడిని బయటికి పంపడానికే అంత పెద్ద కట్టడాలు కావాల్సి వచ్చాయి. గోరంత ప్రాసెసర్‌కూ అదే బాధ. ప్రతి టిక్కుకూ కోట్ల స్విచ్‌లు వేసి ఆర్పుతుంటే ప్రతిసారీ కొంచెం వేడి పుడుతుంది. టిక్కులు పెంచితే వేడి కూడా పెరుగుతుంది.

మరి 2002 దాకా ఈ బాధ ఎందుకు లేదు? దానికి జవాబు ఐబీఎం శాస్త్రవేత్త రాబర్ట్ డెన్నార్డ్ 1974లోనే చెప్పాడు. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేస్తే దానికి ఇచ్చే ఓల్టేజీని కూడా తగ్గించవచ్చు. ఓల్టేజీ సగానికి తగ్గితే, మిగతావేవీ మారకపోతే, ఖర్చయ్యే కరెంటు నాలుగో వంతుకు తగ్గుతుంది. కాబట్టి అదే స్థలంలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు పెట్టి, ఎక్కువ వేగంతో నడిపినా మొత్తం వేడి పెరగదు. ముప్పై ఏళ్ళ పాటు ఈ లెక్క అందరినీ కాపాడింది.

కానీ ఓల్టేజీని ఒక హద్దు దాటి తగ్గిస్తే స్విచ్ పూర్తిగా ఆరదు. వాచర్ అరిగిన కుళాయి చూశారు కదా, ఎంత గట్టిగా కట్టేసినా చుక్క చుక్క కారుతూనే ఉంటుంది. మన హాస్టల్ బాత్‌రూముల్లో ఉదాహరణలకు కొదవ లేదు. ఒక్క కుళాయి కారితే ఫరవాలేదు. పది కోట్ల కుళాయిలు ఒకేసారి కారితే ట్యాంకు ఖాళీ అవుతుంది. 2004 ప్రాంతంలో జరిగింది ఇదే. పెంటియం 4 ప్రాసెసర్లు 115 వాట్ల దాకా కరెంటు తీసుకున్నాయి. తెస్తామన్న 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను ఇంటెల్ 2004 అక్టోబరులో రద్దు చేసుకుంది. అక్కడితో గిగాహెర్ట్జ్‌ల పరుగు పందెం ముగిసింది.

పదిమంది కూలీలు, ఒక్క లారీ

ఒక్క ఎద్దును ఇంకా వేగంగా పరుగెత్తించలేనప్పుడు రెండు ఎద్దుల్ని కడతాం. కంపెనీలు కూడా అదే చేశాయి. ఒకే చిప్‌లో రెండు ప్రాసెసర్లను పెట్టాయి. వీటినే కోర్లు అంటారు. 2005లో పెంటియం డి, 2006లో కోర్ 2 డ్యుయో, ఆ తర్వాత నాలుగు కోర్లు, ఆరు, ఎనిమిది... ఇలా పెరుగుతూ పోయాయి. షాపువాళ్ళు "ఎనిమిది కోర్లు సార్" అనగానే ఎనిమిది రెట్లు వేగమని మనం అనుకుంటాం. అక్కడే మోసపోతాం.

మా అమ్మ మిర్చి ఏరడానికి వెళ్ళే చేను నుంచి ఉదాహరణ చెప్తాను. ఒక్క మనిషే చేస్తే ఒక పని పది గంటలు పడుతుందనుకుందాం. అందులో ఆరు గంటలు కాయలు ఏరడం. మిగతా నాలుగు గంటలు కాంటా వేయించి, బండికెత్తించి, ఖమ్మం మార్కెట్ యార్డుకు చేర్చడం. ఆరుగురు కూలీలు వస్తే ఏరడం ఒక గంటలో అయిపోతుంది. కాంటా, దారి మాత్రం ఆ నాలుగు గంటలే. మొత్తం ఐదు గంటలు. సరే, అరవై మందిని పిలిచామనుకోండి. ఏరడం ఆరు నిమిషాల్లో అయిపోతుంది. మొత్తం నాలుగు గంటల ఆరు నిమిషాలు. ఆరుగురి నుంచి అరవై మందికి కూలి పదింతలైంది, మిగిలింది యాభై నాలుగు నిమిషాలు. ఎంతమంది వచ్చినా దారి ఒక్కటే, లారీ ఒక్కటే. ఈ సంగతిని జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు 1967లోనే లెక్కగట్టి చెప్పాడు. దాన్ని ఆమ్‌డాల్ సూత్రమంటారు. మా అమ్మకు ఈ పేరు తెలియదు గానీ, సాయంత్రం కాంటా దగ్గర కూర్చుని ఎదురుచూసే ప్రతి కూలి మనిషికీ ఈ సూత్రం తెలుసు.

వీడియోలు తయారు చేయడం, పెద్ద పెద్ద లెక్కలు వేయడం వంటి పనుల్ని ముక్కలు చేసి కోర్లకు పంచవచ్చు. మనం హాస్టల్‌లో చేసే పనులు, అంటే ఉత్తరం టైపు చేయడం, హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేయడం, మాక్ టెస్టు రాయడం లాంటివి అలా పంచడానికి పెద్దగా వీలుండవు.

మిగతా కారణాలు త్వరగా చెప్పేస్తాను. సిలికాన్ స్ఫటికంలో పక్కపక్క అణువుల మధ్య దూరం సుమారు 0.235 నానోమీటర్లు. అణువు కన్నా చిన్న స్విచ్ చేయలేం కదా. ఇప్పుడు 3 నానోమీటర్లు, 2 నానోమీటర్లు అని చెప్పేవి తయారీ పద్ధతికి పెట్టిన పేర్లే గానీ స్కేలు పెట్టి కొలిచిన కొలతలు కావు. అంత సన్నటి గీతలు గీసే యంత్రాలను ప్రపంచం మొత్తం మీద నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ కంపెనీ ఒక్కటే చేస్తుంది. ఒక్కో యంత్రం ఖరీదు పది కోట్ల డాలర్లకు పైమాటే. ఇంటెల్ అంతటి కంపెనీ కూడా 2014లో మొదలుపెట్టిన 14 నానోమీటర్ల పద్ధతిలోనే 2021 దాకా డెస్క్‌టాప్ ప్రాసెసర్లు విడుదల చేస్తూ వచ్చింది. పరీక్ష తప్పిన మనల్ని ఇంట్లో తిట్టేటప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుందని ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

అసలు లెక్క

కంప్యూటర్ సైన్స్‌లో నోబెల్ బహుమతి లాంటిది ట్యూరింగ్ అవార్డు. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారికి 1994లో వచ్చింది. 2017లో అదే అవార్డు అందుకున్న హెన్నెసీ, ప్యాటర్సన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు తమ పాఠ్యపుస్తకంలో ఒక లెక్క ఇచ్చారు. మేం పీజీలో చదువుకున్నాం. ఒక్క ప్రాసెసర్ పనితనం 1986 నుంచి 2003 దాకా ఏటా 52 శాతం పెరిగింది. 2003 నుంచి 2011 దాకా 23 శాతం. తర్వాత 2015 దాకా 12 శాతం. ఆ తర్వాత కొన్నేళ్ళు ఏటా 3.5 శాతమే.

చక్రవడ్డీ లెక్క తెలిసినవాళ్ళు వేసి చూడండి. ఏటా 52 శాతం చొప్పున ఐదేళ్ళలో పనితనం ఎనిమిది రెట్లు దాటుతుంది. ఏటా 3.5 శాతం చొప్పున ఐదేళ్ళలో పెరిగేది 19 శాతమే. రెట్టింపు కావడానికి మొదటి లెక్కలో ఇరవై నెలలు, రెండో లెక్కలో ఇరవై ఏళ్ళు!

"ఐదేళ్ళ పాత కంప్యూటర్ చెత్త" అన్న మాట 1998లోనో 2003లోనో అన్నవాళ్ళు తప్పు అనలేదు. అప్పుడది నిజమే. కాలం మారినా మాట మారలేదు, అంతే. అమ్మేవాళ్ళకు ఆ మాట లాభం కాబట్టి దాన్ని బతికించుకుంటున్నారని నా అనుమానం.

అయితే ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. 2017 నుంచి ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లతో పోటీకి దిగింది. అప్పటిదాకా పాత పద్ధతిలో నడిచిన ఇంటెల్ కూడా కదిలింది. 2020లో యాపిల్ ఎం1 వచ్చింది. కాబట్టి ఆ 3.5 శాతం లెక్కను ఇవాళ్టికి కూడా అలాగే అంటించకూడదు. మెరుగుదల మళ్ళీ కొంత పుంజుకుంది. కానీ 1990ల నాటి పరుగు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటి అసలు పరుగంతా ఏఐ పనులకు వాడే గ్రాఫిక్స్ చిప్‌లలో ఉంది. అవి మన కంప్యూటర్ గదిలోకి వచ్చే సరుకు కాదు.

పేరు చూసి మోసపోవద్దు

ఇప్పుడు తమ్ముళ్ళ ప్రశ్నకు వస్తాను. ల్యాప్‌టాప్ మీద స్టిక్కర్‌లో ఐ3, ఐ5, ఐ7 అని ఉంటుంది. అది ఒకే తరంలో తరగతి ఏమిటో చెబుతుందే గానీ తరం ఏమిటో చెప్పదు. తరం తెలియాలంటే పక్కనున్న అంకె చూడాలి. ఐ7-7500యూ అంటే ఏడో తరం. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. 2016లో వచ్చిన ఆ ఐ7లో రెండే కోర్లు. 2017లో వచ్చిన ఆ ఐ5లో నాలుగు కోర్లు. పేరులో ఏడు ఉన్నంత మాత్రాన పెద్దది కాదు. పదో తరం నుంచి మొదటి రెండు అంకెలు చూడాలి. 2023 చివరి నుంచి ఇంటెల్ కొత్తగా "కోర్ అల్ట్రా" అనే పేర్లు పెట్టి ఐ అనే అక్షరాన్ని తీసేసింది. మనల్ని తికమక పెట్టడంలో మాత్రం వాళ్ళ వేగం ఏమీ తగ్గలేదు.

పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్ళకు ఎనిమిదో తరం మంచి గీత. ఒకటి, కోర్లు రెండు నుంచి నాలుగైంది అక్కడే, ముఖ్యంగా ఐ5, ఐ7లలో. రెండు, మైక్రోసాఫ్ట్ 2021 అక్టోబరులో విడుదల చేసిన విండోస్ 11 కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం, ఆ పై ప్రాసెసర్ల మీదే అధికారికంగా నడుస్తుంది. విండోస్ 10కు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మన హైదరాబాద్‌వాడు సత్య నాదెళ్ళ నడిపే కంపెనీ గీసిన ఆ గీత వల్ల, బాగానే నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో ఒక్కరోజులో "పాతవి" అయిపోయాయి. ప్రాసెసర్ చాలక కాదు, సాఫ్ట్‌వేర్ నిర్ణయం వల్ల. ఈ తేడా గమనించాలి.

నా సొంత కథ

ఇదంతా చదివిన నేను మొదట ఏం చేశానో చెప్పకపోతే మోసం చేసినట్లవుతుంది. డిగ్రీ మొదటి సంవత్సరంలో అమ్మ మిర్చి కూలి డబ్బులు, నా స్కాలర్‌షిప్ కలిపి ఒక షాపుకు వెళ్ళాను. మా ఇంట్లో డిగ్రీలో చేరిన మొదటివాణ్ణి నేనే. అడగడానికి మరో మనిషి లేడు. "కొత్త మోడల్, మొన్ననే దిగింది" అన్నాడు షాపతను. కొన్నాను. అందులో ఉన్నది బాగా తక్కువ రకం ప్రాసెసర్. 4 జీబీ ర్యామ్, అదీ బోర్డుకే అతికించి ఉంది. అంటే తర్వాత పెంచుకునే వీలు లేదు. ఏడాది తిరక్కుండానే ప్రోగ్రామ్ తెరవాలంటే టీ తాగి రావాల్సిన పరిస్థితి వచ్చింది. అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. "కొత్తదే కదరా, ఎందుకలా ఆగిపోతోంది?" అని ఒక్కసారి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పీజీలో చేరాక ఒక సీనియర్ నన్ను సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తీసుకెళ్ళాడు. కంపెనీల్లో మూడు నాలుగేళ్ళు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు అక్కడ దొరుకుతాయి. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నది కొన్నాను. నా "కొత్త" ల్యాప్‌టాప్‌కు పెట్టిన దానికన్నా తక్కువకే వచ్చింది. ఎం.ఎస్సీ. ప్రాజెక్టు దాని మీదే పూర్తి చేశాను. ఈ వ్యాసం కూడా దాని మీదే టైపు చేస్తున్నాను. బ్యాటరీ మాత్రం గంటన్నరే వస్తుంది. పాతది కొంటే ఆ బాధ తప్పదు.

కంప్యూటర్ గదిలో ఏం జరిగింది

దసరా సెలవుల్లో వార్డెన్ సార్ అనుమతితో ఆ ఎనిమిది పాత కంప్యూటర్లను విప్పి చూశాను. అన్నీ నాలుగో తరం ఐ3లు. 2013, 2014 ప్రాంతపు సరుకు. రెండింటి మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. మిగతా ఆరూ ఆన్ అవుతున్నాయి. ఒకదానికి స్విచ్ వేసి ఫోన్‌లో టైమ్ పెట్టాను. ఇంటర్నెట్ పేజీ తెరుచుకునేసరికి 4 నిమిషాల 10 సెకన్లు. ఇది చూసే కదా అన్నలు అమ్మేద్దామన్నది!

కానీ ఆ నాలుగు నిమిషాలూ ప్రాసెసర్ ఏం చేస్తోంది? ఎక్కువ భాగం ఎదురుచూస్తోంది. హార్డ్‌డిస్క్‌లో ఒక పళ్ళెం గుండ్రంగా తిరుగుతుంటే, ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదిలి కావలసిన చోటు వెతుకుతుంది. ఒక్కసారి వెతకడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 300 కోట్ల టిక్కుల ప్రాసెసర్‌కు ఆ వ్యవధిలో 3 కోట్ల టిక్కులు వృథా అవుతాయి. మళ్ళీ మా అమ్మ కాంటా దగ్గర కూర్చున్నట్టే. అరవై మంది కూలీల్ని తెచ్చినా, అంటే కొత్త ప్రాసెసర్ తెచ్చినా, కాంటా మారకపోతే లాభం లేదు. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్ళెం లేదు, వెతికే చెయ్యి లేదు. హార్డ్‌డిస్క్ సెకనుకు వంద చోట్ల వెతికితే, మామూలు ఎస్ఎస్‌డీ వేల చోట్ల వెతుకుతుంది.

నా సొంత డబ్బుతో ఒక ఎస్ఎస్‌డీ కొని ఒకదానికి బిగించాను. చెడిపోయిన కంప్యూటర్‌లోని ర్యామ్ తీసి దీనికి పెట్టాను. విండోస్ 11 దీని మీద నడవదు కాబట్టి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది. మళ్ళీ టైమ్ పెట్టాను. 38 సెకన్లు. ప్రాసెసర్ అదే. దాన్ని నేను ముట్టుకోలేదు, దాని మీద దుమ్ము మాత్రం తుడిచాను.

దీన్ని చూసి కొత్తవి ఎప్పుడూ అక్కర్లేదని అనుకోవద్దు. గోదావరి నీళ్ళు పెరిగిన ప్రతిసారీ మనం ఇల్లు ఖాళీ చేయం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కంప్యూటర్‌కు కూడా అలా చూసుకోవాలి. మెల్లగా నడుస్తుంటే అది మొదటి హెచ్చరిక. ముందు డిస్క్, ర్యామ్ చూడాలి. సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఆగిపోతే రెండోది. వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారగలమా అని ఆలోచించాలి. కావలసిన సాఫ్ట్‌వేర్ దాని మీద అసలు నడవకపోతే, లేదా మదర్‌బోర్డు పోతే అప్పుడు మూడోది. వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవాడికి, ఇంజనీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవాడికి మొదటి రోజే మూడో హెచ్చరిక దాటినట్టు లెక్క. వాళ్ళు కొత్తది కొనుక్కోవాల్సిందే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. మన సంచికను డీటీపీ చేసే షాపులో ఇంకా పాత విండోస్ మీద పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. కొత్త కంప్యూటర్ కొంటే తన పని ఆగిపోతుందని ఆ అన్న భయం. ఆయన ఇంటర్నెట్ వైరు మాత్రం ఆ కంప్యూటర్‌కు తగిలించడు. మంచి పనే చేస్తున్నాడు.

రెండా, ఏడా

ఇక 60 వేల రూపాయల విషయం. ఆరు ఎస్ఎస్‌డీలకు షాపులో చెప్పిన ధర ఒక్కోటి 2,200 చొప్పున 13,200. కీబోర్డులు, మౌస్‌లకు 3,600. గడియారం సెల్లులకు 300. రెండు యూపీఎస్ బ్యాటరీలకు 2,000. మొత్తం 19,100 రూపాయలు. ర్యామ్ కొనకుండా చెడిపోయిన రెండింటి నుంచి తీసి సర్దాను. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లకు గిరాకీ పెరిగి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. కాబట్టి ఇప్పుడు ర్యామ్ కొనడం దండగ. ఎస్ఎస్‌డీల ధర కూడా రేపటికి ఇలాగే ఉంటుందని నేను పూచీ పడలేను. మిగిలిన 40,900తో ఒక మంచి కొత్త కంప్యూటర్ వస్తుంది. విండోస్ 11 తప్పనిసరైన పనులు దాని మీద చేసుకోవచ్చు. అంటే రెండుకు బదులు ఏడు.

ఏడు ఎందుకు కావాలో అన్నలకు నా కథే చెప్తాను. రాష్ట్రంలో ఎంసెట్‌ను 2018 నుంచి కంప్యూటర్ మీద పెడుతున్నారు. ఇప్పుడు దాని పేరు ఎప్‌సెట్. జేఈఈ మెయిన్ కూడా 2019 నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదే. నేను 2020 సెప్టెంబరులో ఎంసెట్ రాశాను. అంతకు ముందు మౌస్ పట్టుకున్నది వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని సార్లు. ఆన్సర్ సేవ్ అయిందో లేదోనని ప్రతి ప్రశ్నకూ వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. చివరి ఇరవై మూడు ప్రశ్నలు తెరవనే లేదు. అందులో పది ప్రశ్నలకు జవాబులు నాకు తెలుసని ఇంటికొచ్చి కీ చూసుకున్నాక తెలిసింది. నాకు లేనిది వేగమైన ప్రాసెసర్ కాదు, కూర్చుని అలవాటు చేసుకోవడానికి ఒక కుర్చీ.

ఇప్పుడు హాస్టల్‌లో ఇంటర్ చదివే తమ్ముళ్ళు నలభై మంది. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు గది తెరిచి ఉండేది రెండు గంటలు. తలా ఒక గంట చొప్పున, రెండు కంప్యూటర్లయితే రోజుకు నలుగురు. ఒకడికి మళ్ళీ వంతు వచ్చేసరికి పది రోజులు. ఏడయితే రోజుకు పద్నాలుగు మంది. మూడో రోజుకల్లా వంతు వస్తుంది. మాక్ టెస్టు పేజీ ఆ 38 సెకన్ల కంప్యూటర్ మీద ఎలా నడుస్తుందో ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముడొకడితో రాయించి చూశాను. ఎక్కడా ఆగలేదు. వాడు మాత్రం రెండు చోట్ల ఆగాడు, అది ఫిజిక్స్ వల్ల.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి వార్షికోత్సవ సభలో అన్నలు ఏదో ఒకటి తేల్చి ఉంటారు. ఏది తేల్చినా సరే, చెడిపోయిన ఆ రెండింటిలో ఒకదాని కెపాసిటర్లు మార్చి చూద్దామని పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయనను అడిగాను. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు కంప్యూటర్ గదిలో దాన్ని విప్పుతున్నాం. చూడాలనుకునేవాళ్ళు రండి. స్టార్ స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి, నాది అరిగిపోయింది.